ఎడమ పట్టీ

నీలం బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకుంటే అది ఎప్పటిలాగే ఎడమవైపుకి ఒరిగింది, "ప్రయాణాలకి ఇది దివ్యంగా ఉంటుందమ్మాయ్, విమానంలో సీటు కింద ఇట్టే దూరిపోతుంది," అంటోంది కొట్టావిడ, సోల్‌హీ వింటున్నట్టే తలూపుతోంది గానీ చూపు బ్యాగు మీద లేదు, అద్దంలో తన వెనకగా కనబడుతున్న కిటికీ మీద ఉంది, కిటికీలో రోడ్డవతల స్టేషను, స్టేషన్లో ప్లాట్‌ఫారం చివరి బెంచీ, బెంచీ మీద బూడిదరంగు టోపీ. టోపీ కింద ఉన్నది వాళ్ళ నాన్న. ఇంకా లేవలేదు. పక్కన చిన్న చక్రాల బండి, దాని మీద తాడేసి కట్టిన అట్టపెట్టె. తను ఈ మేడమీది కొట్లోకి వచ్చినప్పటి నుంచి రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి, ఆయన ఒక్కదానిలోనూ ఎక్కలేదు. ఎక్కేస్తే బాగుణ్ణు, మేం కిందికి దిగేలోగా కనబడకుండా పోతే బాగుణ్ణు అనుకుంది, అనుకున్నదేమిటో కాసేపటికి తనకే వినబడి మొహం మండిపోయింది. అద్దంలో చూస్తే ఏమీ మండినట్టు లేదు. మామూలుగానే ఉంది. అదే ఇంకా సిగ్గుగా అనిపించి, "ఆ ఆకుపచ్చది చూపిస్తారా," అంది.

ఆకుపచ్చది కొండలకట. వీపుకి చెమట పట్టకుండా లోపల వల ఉంది, నడుముకి బెల్టుంది, ఛాతీ పట్టీకి ఈల కూడా ఉంది, దారి తప్పితే ఊదుకోవడానికి. దారి తప్పితే ఊదుకోవాలని కొట్టావిడ చెబుతుంటే సోల్‌హీ ఆ ఈలని వేళ్ళతో తిప్పి చూసి వదిలేసింది. ఏటా ఆకులు ఎర్రబడేవేళకి ఒక శనివారం ఆఫీసులో వాళ్ళ విభాగమంతా కలిసి దోబొంగ్ కొండెక్కాలి, ఎవరికీ ఇష్టం లేదు, ఇష్టం లేదని ఎవరూ అనరు. ఇవాళ అందరూ వీపు సంచులతో వచ్చారు, సోల్‌హీ ఒక్కతే రోజూ ఆఫీసుకి తెచ్చే చేతిసంచీతో వచ్చింది. "సోల్‌హీ గారూ, కొండెక్కడానికొచ్చారా, మీటింగుకొచ్చారా?" అన్నాడు టీమ్ లీడర్ బాంగ్, రైలెక్కగానే. అందరూ నవ్వారు. ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే, తను ఆ దిక్కుమాలిన చేతిసంచీ తేకుండా ఉండి ఉంటే, బాంగ్‌కి బ్యాగు కొనిపెట్టాలన్న బుద్ధి పుట్టేది కాదు, నాన్న అటునుంచి అటే రైల్లో తర్వాతి పెట్టెలోకి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు పెద్ద మేనేజరు చూ మేడమ్ ఇంకా రాలేదు, మేడమ్ రానిదే ఎవరూ కొండ మీద అడుగు పెట్టకూడదు, అందుకని అందరూ ఈ కొట్లో దూరి చేతికర్రలూ టోపీలూ ఎత్తి దింపుతున్నారు. సోల్‌హీకి మంచి బ్యాగు కొనిపించడం ఇవాళ్టికి అందరి పని అయిపోయింది. "మీకు మూడు రకాలుగానూ పనికొచ్చేది కావాలి," అంది పక్కసీటు ఉన్‌బీ, ఊళ్ళు తిరగడానికి, కొండలకి, ఆఫీసుకి అని వేళ్ళు మడుస్తూ. ఆ మాటలే కాసేపటి క్రితం ఇంకొకరి నోట విన్నామని ఆ పిల్లకి గుర్తు కూడా లేదు.

రైల్లో సోల్‌హీ ముందు గుర్తుపట్టింది మనిషిని కాదు, గొంతునీ కాదు. ఆ గొంతు నిజానికి ఆమె ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా గొంతు పెగలని మనిషి ఆయన, అమ్మ టీవీ చప్పుడు తగ్గించి "ఏమన్నారూ," అని అడగాలి. ఆమె గుర్తుపట్టింది ఒక చిన్న దగ్గుని, మాట మొదలుపెట్టే ముందు ఆయన దగ్గే దగ్గు, అన్నం దగ్గర, ఫోన్లో, తాతగారి తద్దినం రోజున పెద్దల పటం ముందు. దగ్గు వినబడగానే నాన్న అనుకుని చటుక్కున సంతోషంగా తలెత్తింది. అది నిజం, ముందు సంతోషమే కలిగింది, దాన్ని ఎవరూ కాదనలేరు. తర్వాత చక్రాల బండి కనబడింది. "ప్రయాణికులందరికీ నమస్కారం, మీ ప్రశాంతతకి భంగం కలిగిస్తున్నందుకు మన్నించాలి. మడిస్తే అరచేతిలో ఇముడుతుంది, విప్పితే వీపు నిండుతుంది. ఊరెళ్ళినా ఇదే, కొండెక్కినా ఇదే, ఆఫీసుకెళ్ళినా..." అక్కడ ఆగిపోయింది. ఆయన చూశాడు. పెట్టె అంతా ఆ ఆఖరి ముక్క కోసం ఎదురుచూస్తున్నట్టు ఆమెకి అనిపించింది గానీ, శనివారం పొద్దున కొండకి పోయేవాళ్ళ రైల్లో ఎవరి గొడవ వాళ్ళది, ఒకరు నారింజ ఒలుస్తున్నారు, ఒకరు మోకాళ్ళకి పట్టీ చుట్టుకుంటున్నారు. "ఇదే," అన్నాడాయన చివరికి, ఇంట్లో మాట్లాడే గొంతుతో. సోల్‌హీ ఫోన్లోకి తల వంచేసింది. ఫోను వెలగడం లేదు, నల్లటి అద్దంలో తన గడ్డం కనబడుతోంది, అయినా దానిలో ఏదో చదువుతున్నట్టు బొటనవేలు ఆడించింది.

నామ్‌దేమున్ బజార్లో స్నేహితుడి టోకు కొట్లో లెక్కలు చూస్తున్నానని కదా చెప్పాడు. ఇస్త్రీ చొక్కా వేసుకునే కదా రోజూ బయల్దేరేది. అమ్మ కట్టిన భోజనం డబ్బా ఆ అట్టపెట్టెలో ఎక్కడ పెట్టుకుంటాడు, ఎక్కడ కూర్చుని తింటాడు, ఆ బెంచీ మీదేనా. ఒకప్పుడు చాంగ్‌సిన్ మెట్ల సందులో ఆయనకి సొంత కుట్టుగది ఉండేది, పెద్ద కంపెనీల బ్యాగులు అక్కడ కుట్టేవారు, మిషన్ల బల్ల కింద పట్టీల ముక్కల మధ్య కూర్చుని సోల్‌హీ అక్షరాలు దిద్దుకుంది. వచ్చినవాళ్ళందరూ "ఓనర్‌గారూ" అని పిలిచేవారు, నిజంగానే ఓనరు కాబట్టి. తర్వాత ఆ కంపెనీలు వేరే దేశాల్లో కుట్టించుకోవడం మొదలుపెట్టాయి, మిషన్లు ఒక్కొక్కటే మెట్లు దిగి వెళ్ళిపోయాయి. "ఓనర్‌గారూ, ఇటు రండి, మా అమ్మాయికొకటి కావాలి," అని రైల్లో బాంగ్ చెయ్యూపినప్పుడు, అమ్మేవాళ్ళందర్నీ అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి పిలిచాడు, అందులో వెటకారం ఏమీ లేదు, అయినా ఆ పిలుపుకి నాన్న భుజాలు కాస్త నిటారుగా అవడం ఆమె ఓరకంట చూసింది. వచ్చి ఎదురుగా నిలబడి, "ఏ రంగు కావాలండీ?" అన్నాడు. ఆమెని. ఇంట్లో అందరు నాన్నల్లాగే ముద్దుగా "మా కుక్కపిల్ల" అని పిలిచే నాన్న, ముప్పై దాటినా, ఆఫీసులో నలుగురి మీద పెత్తనం వచ్చినా కుక్కపిల్లే, ఫోన్ ఎత్తగానే "కుక్కపిల్లా, తిన్నావా?" అనే నాన్న, అండీ అన్నాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు నవ్వేస్తే అయిపోయేది. ఆమె "ఏదైనా ఫర్వాలేదండి," అంది. ఆ అండీ ఎంత సుళువుగా వచ్చేసిందో తల్చుకుంటే ఇప్పటికీ నాలుక కొరికేసుకోవాలనిపిస్తోంది.

"నల్లది చూడండి, ఆఫీసుకి ఇదే హుందాగా ఉంటుంది," అంటూ కొట్టావిడ ఆకుపచ్చది విప్పి నల్లది తొడిగింది. హుందాగానే ఉంది, లోపల కంప్యూటరుకి మెత్తటి అర ఉంది, గొడుక్కి పక్కన జేబుంది, రైల్లో ముందుకి తిప్పి వేసుకుంటే కడుపు మీద పట్టినట్టు కూర్చుంటుందట. అదీ ఎడమకే ఒరిగింది. పట్టీలు లాగి, సర్ది, వెనక్కి జరిగి తల పక్కకి వంచి చూసి, "మీ ఎడమ భుజం కాస్త దిగువమ్మాయ్. ఏదేసినా ఇంతే, బ్యాగు తప్పు కాదు," అంది కొట్టావిడ. అది సోల్‌హీకి తెలుసు. తెలియకేం. చిన్నప్పుడు బడికి పంపేముందు గడప దగ్గర నాన్న ఎదురుగా గొంతుక్కూర్చుని ఎడమ పట్టీ ఒక వేలెడు పొట్టి చేసేవాడు, వేలు అడ్డం పెట్టి కొలిచి మరీ. ఆ బ్యాగు ఆయన కుట్టిందే. క్లాసులో పిల్లలందరి బ్యాగులకీ పెద్ద కంపెనీల పేర్లుంటే తన దానికి ఏ పేరూ లేదని ఒకరోజు ఏడ్చి అన్నం మానేస్తే, ఎవరికో కుడుతున్న బ్యాగుల తాలూకు గుడ్డ ముద్ర ఒకటి తీసి, చాలాసేపు చేతిలో పట్టుకుని చూసి, దాని మీద కుట్టేశాడు. ఒకరి సరుకు మీది ముద్ర ఇంకొకదాని మీద వేయడం ఆయన బతుకులో అదొక్కసారే. ఆమె కోసం ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. రెండోది ఇవాళ పొద్దున ఆడాడు.

ఎందుకంటే రంగు ఏదైనా ఫర్వాలేదని ఆమె అన్నాక, ఆయన అట్టపెట్టె తెరిచి పైన ఉన్నది తీసి ఇచ్చెయ్యలేదు. మొదటిది చేతిలోకి తీసుకుని కుట్టు వెంట బొటనవేలు నడిపించి పక్కన పెట్టాడు. రెండోదీ పక్కన పెట్టాడు. మైకులో రైల్లో తిరిగి అమ్మేవాళ్ళ దగ్గర కొనవద్దని చెబుతున్నారు, రైలు సిబ్బంది ఎవరైనా వస్తే దింపేస్తారు, అయినా ఆయనకేమీ తొందర లేదు. "ఏంటి ఓనర్‌గారూ, సొంత కూతురికి ఏరినట్టు ఏరుతున్నారే," అన్నాడు బాంగ్ నవ్వుతూ. అప్పుడు చెప్పొచ్చు, అప్పుడైనా చెప్పొచ్చు, అవకాశం దానంతట అదే తలుపు తెరుచుకుని ముందు నిలబడింది. నాన్న తలెత్తకుండా చిన్నగా దగ్గి, "నాకు కూతుళ్ళు లేరండి," అన్నాడు, అని మూడోది విప్పి, "పట్టీలు ఇలా లాగితే సరిపోతాయి చూడండి," అంటూ ఒక పట్టీ లాగి చూపించి, మళ్ళీ మడిచి దాని జేబులోకే దోపి, అరచేతిలో పట్టేంత పొట్లం చేసి, రెండు చేతులతో ఆమెకి అందించాడు. ఆమె ఒక చేత్తో తీసుకుంది. రెండో చేతిలో వెలగని ఫోను.

అదే, అదే మింగుడు పడటం లేదు. మాట్లాడకపోవడానికి ఏ సాకైనా చెప్పుకోవచ్చు, కొట్లోకి వచ్చినప్పటి నుంచి చెప్పుకుంటూనే ఉంది. నాన్న పరువు కోసమే కదా, ఆయనే దాచుకున్నది నేను నలుగురిలో బయటపెడితే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడు, ఆయనే కూతుళ్ళు లేరన్నప్పుడు కాదు, నేనున్నానంటే ఆయన్ని అబద్ధాలకోరుని చేసినట్టు కాదా, ఇలా మనసు ఆగకుండా వకాల్తా పుచ్చుకుని వాదిస్తూనే ఉంది. కానీ చెయ్యి. ముక్కూ మొహం తెలియని ముసలాయన దగ్గర చిల్లర తీసుకున్నా రెండు చేతులూ పట్టే మనిషి తను, పెద్దలకి ఇచ్చినా, వాళ్ళ దగ్గర తీసుకున్నా రెండు చేతులూ ఉండాలని ఆ అలవాటు చేసిందే ఆయన. కమలాపండు ఇచ్చినా, కొత్త పెన్సిలిచ్చినా, పండగనాడు మొక్కించుకుని చేతిలో డబ్బుల కవరు పెట్టినా, ఒక చెయ్యి చాస్తే వదిలేవాడు కాదు. గట్టిగా పట్టుకుని, "రెండో చెయ్యేదీ?" అనేవాడు. రెండోది చాచాకే వదిలేవాడు. ఇవాళ కూడా వదల్లేదు. ఆమె లాగింది, పొట్లం రాలేదు, ఒక్క క్షణం ఇద్దరి చేతుల మధ్యా ఆగింది, అడుగుతాడనుకుంది, అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆయన వదిలేశాడు. బండి లాక్కుని తర్వాతి పెట్టెలోకి వెళ్ళిపోయాడు. "అలాంటివి కొనకూడదండీ, రెండ్రోజులకి పట్టీ ఊడి చేతికొస్తుంది," అంది ఉన్‌బీ. "సోల్‌హీ గారి జీతం పెరిగేదాకా ఆగుతుందిలే," అన్నాడు బాంగ్. అందరూ నవ్వారు. సోల్‌హీ కూడా నవ్వింది. నవ్వాల్సిన అవసరం ఎవరికీ లేదు, ఎవరూ ఆమె మొహంలోకి చూడటం లేదు, తనంతట తనే నవ్వింది. ఈ స్టేషన్లో దిగాక పక్కపెట్టె నుంచి ఆయనా దిగి బెంచీ మీద కూర్చున్నాడు, ఆ బెంచీ ముందు నుంచే ఉన్‌బీతో చలి గురించి మాట్లాడుతూ నడిచి వచ్చేసింది. ఆయన బూటు లేసు కట్టుకుంటున్నట్టు కిందికి వంగాడు. ఆయన వేసుకునే బూట్లకి లేసులు లేవు.

"ఏదీ నచ్చలేదా? పోనీ నేనిచ్చిందే వేసుకోండి, ఫొటో తీసి గ్రూపులో పెడతాను," అన్నాడు బాంగ్. వేసుకోనంటే ఎందుకని అడుగుతారు. సోల్‌హీ చేతిసంచీలోంచి పొట్లం తీసింది, అది ఇంకా గోరువెచ్చగా ఉన్నట్టనిపించింది, తన భ్రమ. విప్పితే పల్చగా, ముడతలు ముడతలుగా, నీలానికీ నలుపుకీ మధ్య రంగు. అన్నీ ఒరిగిపోయిన ఈ వీపు మీద ఇదొకటి ఎలా ఉంటే ఏం అనుకుంటూ తొడుక్కుని, నవ్వడానికి మొహం సిద్ధం చేసుకుని అద్దంలోకి చూసింది. బ్యాగు నిట్టనిలువుగా ఉంది. ఎటూ ఒరగలేదు. "అరే, ఇది బాగా కుదిరిందే," అంది కొట్టావిడ, కాస్త చిన్నబుచ్చుకుని. సోల్‌హీ చెయ్యి వెనక్కి పెట్టి ఎడమ పట్టీ తడిమింది, తర్వాత కుడిది. పట్టీలు ఇలా లాగితే సరిపోతాయి చూడండి అన్నాడు, లాగింది ఒక్కటే. ఎడమది. వేలు అడ్డం పెట్టి చూసుకుంది, ఒక వేలెడు. కూతుళ్ళు లేరని నోటితో అంటూ చేత్తో ఆ పని చేశాడు. ఫొటో తీశారు, ఫొటోలో ఆమె నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం సరిగా రాలేదని బాంగ్ మళ్ళీ తీశాడు.

చూ మేడమ్ వచ్చే రైల్లో ఉన్నానని కబురు పెట్టిందట, ఎవరైనా ఎదురెళ్తే బాగుంటుందని బాంగ్ అంటుండగానే, "నేను వెళ్తాను," అని మెట్లు దిగింది. ఇదీ సాకే. నాన్న దగ్గరికి పోవడానికి కూడా మేడమ్‌ని అడ్డం పెట్టుకోవాలి, నేరుగా పోలేకపోయింది, తన బతుక్కి ఆ పాటి ధైర్యం కూడా లేదు. వీధి పొడవునా ఉడికిన దుంపల వాసన, నూనె వాసన, రంగురంగుల కోట్లలో పెద్దవాళ్ళు గుంపులుగా ఒకరినొకరు కేకలేసుకుంటున్నారు. స్టేషను ముందు ఒకావిడ దగ్గర కింబాప్ కొంది, సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం, ఆవిడ పైన నువ్వుల నూనె రాసి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. కొంటూ ఇది తిండి పెట్టి తప్పు మాఫీ చేయించుకోవడం కాదా అనుకుంది, అయినా కొంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ దాకా నడిచింది. ఆయన తలెత్తాడు. ముందు ఆమె భుజాల వంక చూశాడు, ఎడమది, కుడిది. తర్వాత ఆమె వెనక ఎవరున్నారో చూశాడు. గబగబా లేచి టోపీ తీసి, "ఏం కావాలండీ?" అన్నాడు.

"నాన్నా."

"మీవాళ్ళు వెనకే వస్తున్నారేమో చూసుకో," అన్నాడు గొంతు తగ్గించి, చూపు ఇంకా మెట్ల వైపే పెట్టి. "వెళ్ళు. చలిగా ఉంది, ఆ కోటు జిప్పు పైకి లాక్కో."

"ఇంతసేపూ ఎందుకు కూర్చున్నావు? ఎన్ని రైళ్ళు పోయాయి."

"కాళ్ళు లాగుతున్నాయి, అంతే." టోపీ అంచు చేతుల్లో తిప్పుతూ, "అమ్మకి చెప్పకు," అన్నాడు. ఆ మాటకి ఆమెకి తెలిసింది, పొద్దున్నుంచీ సిగ్గుతో చచ్చిపోతున్నది తనొక్కతే కాదని, ఆయన బెంచీ మీద, తను అద్దం ముందు, రోడ్డుకి అటూ ఇటూ ఉండి ఇద్దరూ ఒకరికొకరు మొహం చూపించలేక గడిపారని. రైలొచ్చి ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, ఎర్రకోటు వేసుకుని చూ మేడమ్ దిగింది. "సోల్‌హీ గారూ, నాకోసం ఎదురొచ్చారా? ఆలస్యమైపోయింది, అందరూ నన్ను తిట్టుకుంటూ ఉండాలి." ఆమె దగ్గరికి రాకముందే నాన్న వంగి పెట్టె మూత తీసేశాడు, ఇంత పొట్లం ఒకటి చేతిలోకి తీసేసుకున్నాడు, రైల్లో గొంతు తెచ్చేసుకున్నాడు. "మడిస్తే అరచేతిలో ఇముడుతుందండీ, విప్పితే వీపు నిండుతుంది. ఊరెళ్ళినా ఇదే, కొండెక్కినా ఇదే..." మేడమ్ ఆగి చూసింది, సోల్‌హీ వీపు వంక కూడా చూసింది. "మీరూ ఈయన దగ్గరే కొన్నారా? మీ కోసమే కుట్టినట్టుందే," అంది. నాన్న కళ్ళు సోల్‌హీ మీద ఉన్నాయి, వద్దు అంటున్నాయి, బతిమాలుతున్నాయి. ఆ వద్దు ఆమె కోసమో ఆయన కోసమో తెలియదు, మళ్ళీ పొద్దుటి లాగే మాట్లాడకుండా ఉండటానికి కావలసినన్ని కారణాలున్నాయి.

"మా నాన్నండీ," అంది సోల్‌హీ.

గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియలేదు. రైలు వెళ్ళిపోయింది. "...ఆఫీసుకెళ్ళినా," అని నాన్న మాట పొద్దున ఆగినచోటే ఆగిపోయింది. చూ మేడమ్ చేతిలో కర్ర గోడకి ఆనించి, రెండు చేతులూ ముందు కలిపి నడుం దాకా వంగింది, "నమస్కారం నాన్నగారూ, ఇన్నాళ్ళూ మిమ్మల్ని చూడలేదు," అంది. ఆయన టోపీ పెట్టుకున్నాడు, పెట్టుకుని వంగడం బాగోదని తీసేశాడు, పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు. చెవులు ఎర్రబడిపోయాయి. ఆయన్ని ఈ స్థితిలో నిలబెట్టింది కూడా తనే కదా అనుకుంది సోల్‌హీ, చెప్పకపోయినా సిగ్గే, చెప్పినా సిగ్గే, తేలికపడుతుందనుకున్నది ఏమీ తేలికపడలేదు. నాన్న దగ్గాడు. "మా అమ్మాయికి ఎడమ భుజం కాస్త దిగువండి," అన్నాడు మేడమ్‌తో, ఇంట్లో గొంతుతో, ఆవిడ ముందుకి వంగి వినాల్సి వచ్చింది. "బరువులు అటువైపు వేసుకోకూడదు. చెబితే వినదు."

"నేను చూసుకుంటాను," అంది మేడమ్.

సోల్‌హీకి అప్పుడు చేతిలో కింబాప్ పొట్లం గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుంటున్న చెయ్యి తియ్యకుండానే రెండో చేత్తో అందించింది. నాన్న పట్టుకున్నాడు గానీ తీసుకోలేదు. అటుపక్క ఆయన, ఇటుపక్క తను, మధ్యలో పొట్లం.

"రెండో చెయ్యేదీ?" అన్నాడు.